ముందు అయిదు నిమిషాలు కూర్చో

నా ఒంట్లో నెత్తురు చుక్క లేదు, ఉన్నదంతా పాదరసమే. అయినా మీ నెత్తురు ఎంత పోటెత్తుతోందో మీకన్నా ముందు తెలిసేది నాకే. నేను ఒక బీపీ మిషనును. ఇనుప డబ్బా, అందులో నిలువుగా గాజు గొట్టం, చేతికి చుట్టే గుడ్డ పట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, ఇంతే నా సంసారం. ఫ్యాక్టరీలో నా గీతలు సరిచూసిన ముసలాయన ఒక్కో గీతకూ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇది అబద్ధం చెప్పకూడదు" అన్నాడు పక్కవాడితో. ఆ మాట నాకు ఒంటబట్టింది.

అబద్ధాలు చెప్పేది మనుషులు. ఆ సంగతి కర్నూలు దిక్కున ఒక బస్సు డిపోలో, ఆసుపత్రి గదికి చేరాక తెలిసింది. అక్కడ ఏడాదికోసారి డ్రైవర్లందరికీ పరీక్ష. బీపీ ఎక్కువుంటే స్టీరింగు నుంచి దించేస్తారని వాళ్ల బెంగ. సంతరోజు జనంలో బస్సును అలవోకగా తిప్పే వీరులు కూడా నా పట్టీ చుట్టగానే బిగుసుకుపోయేవారు. ఆ కంగారుకే నా పాదరసం పైకి ఎగబాకేది.

అందుకే సిస్టరు సలోమమ్మ ఎవరొచ్చినా వెంటనే నన్ను తెరిచేది కాదు. "ముందు అయిదు నిమిషాలు కూర్చో. ఇంట్లో ఏం వండినారో చెప్పు" అనేది. గోంగూర పప్పు గురించి చెబుతూ మనిషి మెత్తబడేవాడు. "ఇంక నోరు మూసుకో" అని అప్పుడు పట్టీ చుట్టేది. ఎందరో డాక్టర్ల చేతుల్లో పడ్డాను గానీ, అంత ఓపికగల చెయ్యి మరొకటి ఎరుగను.

డిపోలో మద్దిలేటి అని ఒక డ్రైవరు. ఘాటు రోడ్డు మూడో మలుపులో బ్రేకులు పడకపోతే, బస్సును కొండకు రాయించి ఆపి నలభై మందిని బతికించాడు. డిపో అతనికి శాలువా కప్పింది, చప్పట్లు కొట్టింది, మర్నాడు అదే రూటుకు డ్యూటీ వేసింది. నిద్రపడుతోందా అని మాత్రం ఎవరూ అడగలేదు. మనుషుల మెచ్చుకోలు శాలువాలాగే భుజాల దాకానే వస్తుంది.

ఆ ఏడాది పరీక్షలో అతని పై అంకె తొంభై ఎనిమిది చూపించాను. వేరేవాళ్లయితే భేష్ అనేవారు. సలోమమ్మ "లేచి నిలబడు" అంది. లేచాడు, కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు.

"ఎవరి మాత్ర మింగినావు?"

"మా బావవి సిస్టరమ్మా. రెండు."

అదొక ఆచారం ఆ డిపోలో. పరీక్ష రోజు పొద్దున బంధువుల బీపీ మాత్ర అడిగి తెచ్చుకుని మింగేవారు, పెళ్లికి చొక్కా అడిగి తెచ్చుకున్నంత తేలిగ్గా.

"ఇట్లే బస్సెక్కి ఘాటులో కండ్లు తిరిగింటే ఏమయ్యేది మద్దిలేటీ?"

అతను ఏడ్చాడు. "మూడో మలుపు వస్తాందంటే చాలు, గుండె దడదడ కొట్టుకుంటాది. నిద్రపోయి ఆర్నెల్లాయె. సిగరెట్టు మీద సిగరెట్టు. శాలువా కప్పించుకున్నోడు బయమంటే నవ్వరా? స్టీరింగు తీసేస్తే నేనేం మనిషిని?"

సలోమమ్మ తిట్టలేదు, ఆ అంకె నమ్మనూ లేదు. డాక్టరుతో చెప్పి వారం సెలవు ఇప్పించి, బావ మాత్రలు మానిపించి రోజూ పిలిచింది. నూట డెబ్బై, నూట అరవై ఎనిమిది. అసలు సంగతి బయటపడింది. "ఒక్కనాటి బయానికి ఎక్కింది ఒక్కనాడే దిగుతాది. దినామూ మోస్తావుంటే నిద్ర పట్టదు, సిగరెట్లు పెరుగుతాయి, ఆ దోవన బీపీ వచ్చి కూచుంటాది" అంది. డాక్టరు చేత అతనికి సొంత మాత్రలు రాయించింది. మనసు డాక్టరు దగ్గరికి తానే తోడు వెళ్లింది. మేనేజరు ముందు నిలబడి, "నలభై మందిని కాపాడినోణ్ని మనం కాపాడలేమా సార్?" అని అడిగి నాలుగు నెలలు గ్యారేజీలో పని ఇప్పించింది.

డాక్టరు సరేనన్నాక, అయిదో నెలలో మద్దిలేటి మళ్లీ బస్సెక్కాడు. మూడో మలుపు దాటి వచ్చిన సాయంత్రం నూట ఇరవై ఆరు. నేను చూపించిన అన్ని అంకెల్లోనూ నాకు ముద్దొచ్చింది అదే.

కొన్నేళ్లకు పాదరసం మంచిది కాదన్నారు. మీట నొక్కితే అంకె చూపే కొత్త మిషను వచ్చింది. నన్ను పంపేసే రోజున సలోమమ్మ నన్ను తుడిచి మూత వేయబోతుంటే మద్దిలేటి వచ్చాడు.

"సిస్టరమ్మా, ఇన్నేండ్లలో నీ చెయ్యి దీనికి ఎప్పుడన్నా ఇచ్చినావా?"

నేనూ గుర్తుచేసుకున్నాను. ఒక్కసారి కూడా లేదు.

"నాకేమైంది? బాగుండా."

"ముందు అయిదు నిమిషాలు కూర్చో. ఇంట్లో ఏం వండినారో చెప్పు."

ఆమె నవ్వింది. "వండేకి టైమేది? తొమ్మిదేండ్లాయె మా యమ్మ మంచాన పడి. ఒక్కదాన్నే ఎత్తల్ల, దించల్ల..." అని ఆగిపోయింది. వందల మంది దిగులు విన్న ఆ మనిషి తన దిగులు చెప్పడం నేను వినడం అదే మొదలు. నాకు సిగ్గేసింది.

పట్టీ అతను చుట్టాడు, బుడ్డి అతనే నొక్కాడు. స్టెతస్కోపు ఆమె చెవుల్లో ఉంది. తన నాడి చప్పుడు తానే వింటూ నా గొట్టం వంక చూసింది. నూట డెబ్బై నాలుగు.

"ఎంత సిస్టరమ్మా? అబద్ధం చెప్పొద్దు."

ఆమె రిజిస్టరు లాక్కుని, డ్రైవర్ల పేర్ల కింద తన పేరు రాసి, ఎదురుగా నా అంకె ఉన్నదున్నట్టు వేసింది.

"రేపు డాక్టరు కాడికి నేను తోడొస్తా" అన్నాడు మద్దిలేటి.

మూత పడింది. ఇప్పుడు సీలు వేసిన పెట్టెలో, పనికిరాని మిషన్ల మధ్య ఉన్నాను. ఆమె మర్నాటి అంకె ఎంతో నాకు తెలియదు. పక్కన కూర్చున్నది ఎవరో తెలుసు.