ఆగని డ్రమ్ము

మా బావ బండికి పని చేయడమంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. అది తెలిసీ ఇనుప తాడుతో బరువులు లాగే వాళ్ల విన్చ్ బాగుచేస్తానని ఒప్పుకున్నాను. అక్క కోసం ఒప్పుకున్నాను.

గుంటల్లో దిగబడిన వాహనాలను లాగడం వాళ్లిద్దరి బతుకుతెరువు. బావ రిమోట్ నొక్కుతాడు. అక్క కొక్కెం తగిలించి, డ్రమ్ముకు చుట్టుకునే ఇనుప తాడును చేత్తో సర్దుతుంది. పోయిన నెల బావ బటన్ మీంచి వేలు తీసినా డ్రమ్ము ఆగలేదు. కరెంటును కలిపి విడదీసే పాత సాలినాయిడ్‌లో రాగి ముక్కలు కాలి అతుక్కుపోయాయి. అక్క గ్లవ్ తాడుతోపాటు లోపలికి పోయింది. చెయ్యి ఎలాగో బయటపడింది. అంతకుమించి ఇద్దరూ ఏమీ చెప్పలేదు. అప్పటినుంచి బండి షెడ్డులోనే ఉంది.

ఆ సాలినాయిడ్లు మార్చమని రెండేళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అవి మొరాయించినప్పుడల్లా స్పానర్‌తో ఒకటి వేస్తే చాలని బావ నమ్మకం.

ఆదివారం పొద్దున్నే నాలుగు సాలినాయిడ్లూ పీకేసి, వాటి బదులు అదే పని చేసే, సీలు చేసిన కాంటాక్టర్ పెట్టె ఒకటి పెట్టాను. ఖాళీ తాడు చక్కగా తిరిగింది. పరీక్షకని పక్కనున్న వ్యాన్‌కు కట్టి లాగబోతే మాత్రం కాంటాక్టర్ టకటకా కొట్టుకుని ఊరుకుంది. గంటసేపు వైర్లన్నీ వెతికాను. చివరికి చూస్తే బ్యాటరీకి కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంప్ వేలితో తిప్పితే తిరుగుతోంది. బిగించాను, వ్యాన్ కదిలింది. టీ తాగి వచ్చేసరికి మళ్లీ టకటక. మళ్లీ క్లాంప్ వదులు. ముట్టుకోవద్దని బావను బతిమాలి మళ్లీ బిగించాను.

భోజనం చేసి వచ్చేసరికి మూడోసారి వదులైంది. నాకు ఒళ్లు మండిపోయింది. బావ మొండితనమంతా మొదటినుంచీ ఏకరువు పెట్టాను. క్లాంప్ ఇలా వదులుగా ఉంటే కొత్తది కూడా కాలి అతుక్కుంటుందని, అప్పుడు పోయేది మా అక్క చెయ్యేనని అరిచాను. మాటకు నాలుగు మాటలనే మనిషి, తల దించుకుని అన్నీ విన్నాడు.

"ఆయన్నెందుకు తిడతావు? వదులు చేసింది నేను," అంది అక్క.

నేను అక్క వైపు తిరిగాను.

"ఆ రోజు క్లాంప్ వదులుగా ఉండబట్టే మీ బావ దాన్ని ఒక్క గుంజుతో పీకేసి కరెంటు ఆపారు. బిగించి ఉంటే, స్పానర్ వెతికేలోపు నా చెయ్యి నలిగిపోయేది. నీ కొత్త పెట్టె ఎప్పటికీ అతుక్కోదని నా మీద ఒట్టేసి చెప్పు, బిగించుకో."

చెప్పలేకపోయాను. ఎంత మంచిదైనా ఏదో ఒకరోజు అతుక్కోవచ్చు. పొద్దున్నుంచి ప్రతి నట్టూ చూశాను గానీ, అక్క నిలబడే చోటు ఒక్కసారీ చూడలేదు. నా మీద నాకే చిరాకేసింది.

షాపుకెళ్లి, బ్యాటరీ కరెంటును ఒక్క తిప్పుతో ఆపేసే కటాఫ్ స్విచ్ తెచ్చాను. అక్కను తాడు దగ్గర నిలబడమన్నాను. కుడిచెయ్యి తాడు మీద ఉంటే ఎడమచెయ్యి ఎక్కడికి అందుతుందో చూపించమన్నాను. బంపర్ చివర చూపించింది. అక్కడే బిగించి, బ్యాటరీ కేబుల్‌ను దాని గుండా తీసుకెళ్లాను. క్లాంప్ గట్టిగా బిగిస్తుంటే ఈసారి అక్క వద్దనలేదు.

వ్యాన్ కట్టాం. అక్క పక్కకు నిలబడింది. బావ బటన్ నొక్కి పట్టుకున్నాడు. వ్యాన్ కదలగానే అక్క స్విచ్ తిప్పింది. బావ వేలు బటన్ మీదే ఉంది, డ్రమ్ము ఆగిపోయింది. "ఇంకోసారి," అంది. అలా ఆరుసార్లు చేయించింది. నేను తొందరపెట్టలేదు.

తర్వాత వ్యాన్ విప్పించి, కొత్త గ్లవ్ తొడుక్కుని, ఖాళీ తాడు మీద చెయ్యి వేసింది. నెల రోజుల్లో అదే మొదటిసారి. బావ బటన్ నొక్కలేకపోయాడు. రిమోట్ నా చేతిలో పెట్టి పక్కకు తిరిగాడు. పొద్దున్నుంచి అంత నోరు పారేసుకున్నవాణ్ని, నాకూ వేలు ఆడలేదు.

"నొక్కరా," అంది అక్క. "ఆపేది నేను కదా."