నాలుక మీద పళ్ళు

భాస్కర్ చేపల సంచీ తెచ్చి సింకులో కుమ్మరించాడు. "మడ్డువలస రిజర్వాయరు సేపలు. ఒంటిగంటకి మా మేనేజరు వస్తన్నారు, పులుసు అదిరిపోవాల. ఆ కాలేజీవోలకి రానని సెప్పేసినావా?"

గౌరి తలూపింది. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు జువాలజీ లెక్చరరు ఉద్యోగానికి ఆ మధ్యాహ్నమే ఒక క్లాసు చెప్పి చూపించమన్నారు. ఎమ్మెస్సీ పాసై చీపురుపల్లి కోడలైన దగ్గర్నుంచి ఆమెకొచ్చిన మొదటి పిలుపు అది. "నీకిక్కడ ఏటి తక్కువైనాదని?" అన్నాడు భాస్కర్. "నువ్వు బస్సుల్లో తిరిగితే వంటెవులు సేస్తారే?" అంది అత్త దాలమ్మ. చుట్టాలొస్తే భాస్కర్ వేసే జోకు ఒకటుంది. "మా గౌరి సదువు ఊరికే పోనేదు, సేపలు బాగా కోస్తాది." అందరితో పాటు తనూ నవ్వేది. నవ్వి, కంచాలు తీసేది. ఆ తర్వాత ఎందుకో తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది.

కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. బొచ్చె చేపల మధ్య ఒకటి వేరుగా ఉంది. చాకులా పలచగా, వెండి రంగులో. వీపు మీద ఈకంత రెక్క. పొట్ట కింద మొదలైన రెక్క మాత్రం తెగకుండా తోకలో కలిసిపోయింది.

"నోటోప్టెరస్!" అంది పైకే.

కాలేజీలో దాన్ని ఫార్మలిన్ సీసాలో చూసింది. మూత తియ్యనిచ్చేవారు కాదు. ఇప్పుడు నోట్లో బొటనవేలు పెట్టింది. చురుక్కుమంది. నాలుక గట్టిగా, ఎముకలా ఉంది, దాని మీద పళ్ళు! ఎముక నాలుకల చేపలు, అతి పాత వంశం అని బట్టీపట్టి రాసిన వాక్యం ఇప్పుడు వేలికి గుచ్చుకుంటోంది. పొట్ట మెల్లగా కోసింది. మిగతా చేపలకి పేగు జీర్ణాశయానికి కుడి పక్కగా పోతుంది. దీనికి ఎడమ పక్కగా పోవాలి. పోయింది! పుస్తకంలో చెప్పినట్టే, అచ్చం అలాగే! ఆమెకి గట్టిగా అరవాలనిపించింది.

"అత్తా, ఓపాలి ఇలా రా! దీని పేగు ఎడమేపున్నాది!"

దాలమ్మ పరుగున వచ్చింది. "ఏటే, పాడైపోనాదా?"

"పాడవలేదత్తా. ఎంత బాగున్నాదో సూడు!"

దాలమ్మ చేపని చూసింది, కోడలి మొహం చూసింది. "నీకేటైనాదే?" అంది.

గౌరి లేచింది. బొచ్చెలు కోసి, ముక్కలకి ఉప్పూ పసుపూ రాసి మూత పెట్టింది. ఆ ఒక్క చేపనీ ఐసుతో స్టీలు డబ్బాలో సర్దింది. చీర మార్చుకుని గుమ్మం దాటుతుంటే దాలమ్మ వెనకాలే వచ్చింది. "మరి పులుసో?"

"వచ్చేది బావ మేనేజరు కదత్తా. బావే కాస్తాడు."

"మీకు నచ్చిన పాఠం చెప్పండి" అన్నారు కాలేజీ ప్రిన్సిపాల్ త్రిపురసుందరి. గౌరి డబ్బా మూత తీసింది. ముందు ముక్కులు మూసుకున్న పిల్లలే కాసేపటికి బెంచీలు వదిలి చుట్టూ మూగారు.

"మేడమ్, పళ్ళు నాలిక మీదుంటే నమల్డవెలాగండీ?" అంది ఒకమ్మాయి.

"నాలుకకీ అంగిటికీ మధ్య నొక్కేస్తుంది. అంగిట్లోనూ పళ్ళున్నాయి, వేలు పెట్టి చూడు. దీని చుట్టాలు అమెజాన్‌లో ఉన్నాయి, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మంచినీళ్ళ చేపలు అంత దూరాలెలా వెళ్ళాయి? ఖండాలు విడిపోకముందే ఈ వంశం పుట్టింది అంటారు."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. ఎవరో తోక రెక్కలో ఈనెలు లెక్కపెడుతున్నారు, ఇంకెవరో పేగు ఫొటో తీస్తున్నారు. బ్యాగులో ఫోన్ ఆగి ఆగి మోగుతోంది.

త్రిపురసుందరి నవ్వుతూ దగ్గరికొచ్చారు. "సోమవారం నుంచి రండి. ఇంట్లో అడిగి సాయంత్రంలోగా చెప్తారా?"

గౌరి చేపవాసన వేస్తున్న చేతుల్ని చీర కొంగుకి తుడుచుకుంది.

"వస్తానండీ. ఇంట్లో చెప్తాను, అడగను."