మౌనరేఖ

హేమంతావసాన ప్రభాతమున నుదయగిరిశిఖరమున నరుణుడు పొడసూపినను సాంద్రనీహారయవనికాంతర్హితమై ప్రాక్సముద్రము తన తరంగఘోషమును మాత్రమే లోకమున కెఱిగించుచుండెను. ఆకసమేదియో జలమేదియో తెలియరాని యా పాలిపోయిన వెలుగున కళింగతీరము వెంబడి దక్షిణముగా బోవుచున్న ‘జలధిమణి’ యను చిన్న పొగయోడ యడుగున జిల్లువడి, ప్రయాణికులు కడవలతోను బాల్చీలతోను తోడిపోయుచున్నను తఱుగని నీటిబరువున నొక ప్రక్క కొఱగి గాయపడిన గజమువలె నడచుచుండెను.

ఓడపతి కోరాడ వైకుంఠరావునకు రేవు చేరుట యొక్కటియే చింత. రేవున కుత్తరమున సముద్రములోనికి జొచ్చుకొనివచ్చిన కొండకొమ్మొకటి కలదు. దాని శిఖరమందలి రేడియో స్తంభము నావికులకు దిక్కు తెలుప నిరంతరము సంకేతధ్వని వెలువరించుచుండును. ఆ కొమ్ము వెనుకబడినదేని పడమటికి మరలిన రేవు చిక్కును. ఇంకను ముందున్నదేని పడమటికి మరలుట జలాంతర్గతశిలల నోట బడుటయే.

ఓడపతి బావమరిదియు రేడియో నిర్వాహకుడునగు నాగభూషణము చెవులకు శ్రవణయంత్రమును దగిలించుకొని వలయాకారమగు ఆంటెనాను ద్రిప్పుచుండెను. ధ్వని హెచ్చుటను బట్టి గాక యణగుటను బట్టి దిక్కు తెలియుట యా యంత్రధర్మము. వలయ మే దిక్కునకు దిరిగినపుడు ధ్వని నశించునో స్తంభ మా మౌనరేఖయందుండును. కాని రేఖకు రెండు కొనలు గదా.

“బావా, మౌనము చిక్కినది. స్తంభము ముక్కుసూటిగా ముందైన నున్నది, సరిగా వెనుకనైన నున్నది.”

“ఇది మీ యక్క మౌనమువలె నున్నదిరా భూషణమూ! అలిగినదని తెలియును గాని యెటు మొగమై యలిగినదో తెలియరాదు.”

నాగభూషణము నవ్వబోయి నవ్వలేకపోయెను.

“నా లెక్కకు కొమ్ము దాటితిమి. పడమటికి మరలించెదను” అనెను వైకుంఠరావు.

“రాత్రి ప్రవాహము మన కెదురైన సంగతి మీ లెక్క యెఱుగునా? తూర్పునకు గొంత దూరము పోనిండు. మౌనరేఖ నైరృతికి వాలినచో స్తంభము ముందున్నది, వాయవ్యమునకు వాలినచో వెనుకనున్నది.”

“తూర్పునకా! అడుగున నీరు మోకాలిబంటి వచ్చినదిరా.”

“పీకలబంటి వచ్చుటకు శిల యొక్కటి చాలును బావా.”

వైకుంఠరావు చుక్కాని చక్రముపై జేతులు బిగించి తూర్పునకు ద్రిప్పెను. తీరపుటలల హోరు వెనుకబడుట గమనించి, కడవలందించుచున్న కోటమ్మ యను వృద్ధ యెలుగెత్తి, “నేల యటుండగా నడిసంద్రమునకు నీడ్చెదవేమయ్యా! మా బిడ్డల నేమి చేయదలచితివి?” యని యాక్రోశించెను. కొమ్ము ముందున్నదో వెనుకనున్నదో యోడపతికిని దెలియదు.

వలయము తిరుగుచుండెను. మౌనరేఖ కదలదయ్యెను. నీరు మోకాలు దాటెను. ఎట్టకేలకు నాగభూషణము, “వాలినది బావా! నైరృతికి వాలినది. కొమ్మింకను ముందే యున్నది!” యనెను.

ఓడ యటులే కొమ్మును దూరముగా జుట్టి పోవుచుండగా మంచుతెర యొకచో జినిగి, కుడివైపున నల్లని శిలల దంతములపై దెల్లని నురుగు గానబడెను. కోటమ్మ యా శిలల నొకపరి చూచి, మరల కడవ నీట ముంచెను.

నడుమబంటి నీటితో ఓడ రేవుగోడ నానుకొనిన పిదపను వైకుంఠరావు వ్రేళ్లు చక్రమును విడువవయ్యెను. నాగభూషణమే వానిని మెల్లగా విడదీయవలసివచ్చెను. నిశ్చయముకంటె సంశయమును మోయుట యెంత బరువో యా చేతులకే తెలిసెను.