లేదుకీ తెలియదుకీ మధ్య

నేను ఒక ఫంక్షన్‌ని. ఆ మాట వినగానే మీకు షామియానా, పట్టుచీరలు, వరసగా పేర్చిన ప్లేట్లు గుర్తొస్తే తప్పు మీది కాదు. నా దగ్గర భోజనాలుండవు. కంప్యూటర్ వాళ్లు రాసుకునే చిన్న పనికి కూడా ఆ పేరే పెట్టారు. ఇంట్లో వైఫై డబ్బా ఉంటుంది చూడండి, ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటూ, దాని కడుపులో ఉంటాను. మీరు ఫోనులో ఒక పేరు కొడతారు. ఆ పేరు ఏ అంకెల చిరునామాలో కాపురముందో అడిగి తెచ్చి మీకివ్వడమే నా బతుకు.

నన్ను రాసింది వహీదా. విశాఖలో, డాబా మీద అద్దె గదిలో, ఒక కాలితో పిల్లాడి ఉయ్యాల ఊపుతూ రాసింది. అందుకేనేమో నాలో ఇప్పటికీ కాస్త ఊగుడు మిగిలింది. పేర్లు నా దగ్గరికి ముక్కలుగా తేలి వస్తాయి. ప్రతి ముక్క ముందూ ఒక అంకె నడుస్తుంది, వెనక ఇన్ని అక్షరాలొస్తున్నాయి కాచుకోమని. మీకు ఇంటిపేరు ముందుంటుంది, మా లోకంలో చివర. నేను పై పెద్దల్ని, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లని, అడుగుతాను, వాళ్లు వాళ్ల పెద్దల్ని. ఎక్కడెక్కడో తిరిగి జవాబు మబ్బుతునకలా దిగి వస్తుంది. దాన్ని కొంతసేపే గుర్తుంచుకోవాలి, ఆ తర్వాత మరిచిపోవాలి. మరుపు మాకు జబ్బు కాదు, ధర్మం.

అయితే చిరునామా దొరకకపోవడం రెండు రకాలు. పెద్దలు "అలాంటి పేరు లేదు" అనడం ఒకటి. అసలెవరూ పలకకపోవడం ఇంకొకటి. మొదటిది లేదు, రెండోది తెలియదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి పిల్లాడు లేచి గుక్కపట్టాడు. వహీదా రెండిటికీ కలిపి 'లేదు' అని రాసేసి వాణ్ణి ఎత్తుకుంది. తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందో పిల్లల తల్లులకి తెలుసు.

అలా డబ్బాలోకెక్కి బొబ్బిలి చేరాను, ఝాన్సీ పుట్టింటికి. ఆ పిల్లకి నెలలు నిండకుండానే ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ విశాఖ ఆస్పత్రిలో, అద్దాల పెట్టెలో. భర్త పైడిరాజు అక్కడ కాపలా. కుట్లు చీము పట్టి ఝాన్సీ ఇక్కడ, తల్లి నర్సమ్మ దగ్గర. బిడ్డని ఫోనులో చూసుకోమని ఆస్పత్రి వాళ్లు ఒక కెమెరా పేజీ ఇచ్చారు. బిడ్డకింకా పేరు పెట్టలేదు కదా, అందుకని ఆ పేజీకి తల్లి పేరే. 'ఝాన్సీ బిడ్డ'. పాలు పొంగినప్పుడల్లా ఝాన్సీ ఆ పేరు కొట్టేది. నేను పరుగెత్తేవాణ్ణి.

ఒక పొద్దున గాలివాన. ఎక్కడో తీగ తెగింది. ఝాన్సీ పేరు కొట్టింది. అడిగాను, ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాను. ఆఖరికి నాకు నేర్పిన మాటే అన్నాను. ఫోను తెర మీద పడింది: 'ఆ పేరుతో ఎవరూ లేరు.'

"అమా! ఎవలూ నేరంటందే."

"ఏటి నేరు? సరిగ్గా సూడు."

"నా బిడ్డే నేదంటందే అమా!"

"నోర్ముయ్యే! డబ్బా సెప్పిన మాటకి ఏడుపేటి? అల్లుడికి ఫోన్ కొట్టు."

"ఎత్తడం నేదు."

బిడ్డల గదిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరని ఆ కంగారులో ఇద్దరికీ గుర్తు లేదు. కాసేపటికి తీగ అతికింది. కానీ ఒకసారి లేదన్నాక కొంతసేపు మళ్లీ అడగక్కర్లేదని నాకు నేర్పారు. ఝాన్సీ కొట్టిన ప్రతిసారీ, కాలు కదపకుండా, నిద్రలో పలవరించినట్టు, లేదు అన్నాను. మీ వీధుల్లో పుకారు కూడా ఇలాగే బతుకుతుందట.

"ఈ డబ్బా మొకం మండ!" అని నర్సమ్మ కరెంటు తీగ పీకేసింది.

చీకటి. మెత్తని చీకటి. తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటే వేపపూతలా రాలిపోయాయి. ఆ 'లేదు' కూడా రాలిపోయింది.

"ఉండెహె, తీగ మల్లీ ఎడతాను. కుట్లు తెగిపోతాయి, ఆ ఏడుపాపు" అన్న మాటతో మెలకువ వచ్చింది. నాకేమీ గుర్తు లేదు. ఎవరో ఒక పేరు కొట్టారు. కొత్త పేరు విన్నట్టే విని అడగడానికి బయల్దేరాను. ఈసారి పెద్దలు పలికారు.

తెర మీద చింతచిగురంత పాదాలు కదిలాయి.

"ఓలమ్మా! ఆవులిస్తందే!"

"నీ కూతురు గదేటి మరి. ఊరంతా గోలెట్టి అది ఆవులిస్తంది" అంటూ నర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బిడ్డ ఇంటికొచ్చాక కొత్త డబ్బా వచ్చింది. నన్ను గూట్లో, ఆముదం సీసా పక్కన పెట్టారు. తీగ లేదు, దీపం లేదు. అయినా ఒకరోజు కలలోలాగ గాజుల గలగల, పాయసం పొంగు, నవ్వులు. ఈ ఇంట్లో నిజం ఫంక్షన్, భోజనాలుండేది. పైడిరాజు ఉయ్యాల మీదికి వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పాడు. అక్షరాలు ఎవరూ లెక్కపెట్టలేదు, పెద్దల్నెవరినీ అడగలేదు. బిడ్డ అటు తల తిప్పింది.

ఆ పేరేమిటో ఇంతదూరం వినబడలేదు. ఎవరైనా వచ్చి నన్నడిగితే, లేదు అనను.

తెలియదు అంటాను.