మేనేజర్‌కి రోజూ అదే అన్నం

ఏమ్మా డాక్టరమ్మా, కుక్కపిల్లని తెచ్చుకుని నిండా నాలుగు రోజులు కాలేదు, అప్పుడే దాని భోజనానికి టైంటేబుల్ గీశావా? సోమవారం లివర్, మంగళవారం చేప, బుధవారం పాలు, పైగా ఒక్కోదానికి ఒక్కో రంగు పెన్సిలు. పదో తరగతి పరీక్షలకి ఇంత శ్రద్ధగా గీసుంటే మీ అమ్మకి తలనొప్పి మాత్రల ఖర్చు తప్పేది. ఇంతకీ ఆ కుక్కకి చదవడం వచ్చా? రాకపోతే నువ్వే చదివి వినిపిస్తావా? ఇదంతా చేసి వచ్చి నన్నడుగుతున్నావు, రోజూ ఒకటే పెడితే కుక్కకి విసుగు పుడుతుందా మావయ్యా అని. సరే, అలా కూర్చో. నేను వేళాకోళం లేకుండా జవాబు చెప్పగలిగిన ప్రశ్న ప్రపంచంలో ఇదొక్కటే. ఎందుకంటే ఈ విషయంలో నేను పడినంత సిగ్గు ఇంకెవరూ పడి ఉండరు.

మా ఫర్నిచర్ వర్క్‌షాపులో నాది పాలిష్ పని. గేటు పక్క గదిలో వాచ్‌మన్ ఉండేవాడు. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయనకి నా అనేవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఒక మంచం, ఒక కరెంటు పొయ్యి, ఒక కుక్క. గోధుమ రంగు కుక్క, తొమ్మిదేళ్ళది. దానికి మేనేజర్ అని పేరు పెట్టింది నేనే. పొద్దున్నే షెడ్డంతా ఒక చుట్టు తిరిగి అందరి పనీ వాసన చూసేది, ఏదీ నచ్చనట్టు మొహం పెట్టేది, తరవాత నీడ చూసుకుని సాయంత్రం దాకా పడుకునేది. ఆ పేరు విని ఓనరు కూడా నవ్వాడు. అసలు మేనేజరు మాత్రం నవ్వలేదు.

బాబాయ్ దానికి రోజూ ఒకటే పెట్టేవాడు. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు లేని కోడిమాంసం, రెండు గుమ్మడికాయ ముక్కలు. మధ్యాహ్నం ఒంటిగంటకి, వేలు పెట్టి వేడి చూసి మరీ గిన్నె కింద పెట్టేవాడు. నేను చేరినప్పటి నుంచి ఆరేళ్ళు చూశాను. ఆదివారం లేదు, సెలవు లేదు. నేను చూస్తూ ఊరుకునే రకమా?

"బాబాయ్, ఇది చేసిన నేరమేంటి?" అని అడిగాను ఒకరోజు అందరూ ఉండగా. "జైల్లో కూడా వారానికోసారి కూర మారుస్తారు."

"దానికి అదే ఇష్టం."

"అని నీతో చెప్పిందా?"

"చెప్పింది. నీలా వాగదు కాబట్టి నేను వినగలిగాను."

షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "వచ్చిన కొత్తలో ఏం పెట్టినా దీనికి కడుపు నిలిచేది కాదురా. పోతుందనే అనుకున్నాను. ఎన్నో చూడగా చూడగా ఇదొక్కటి ఒంటికి పడింది. దీని జోలికి రాకు."

ఆ మాట నా చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు. లోపల ఆ నవ్వులే తిరుగుతున్నాయి. అందరినీ నవ్వించేది నేను, నా మీద ఇంకొకళ్ళు నవ్విస్తే అన్నం సహించదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. కుక్క గొంతు నేనే, సర్వర్ గొంతు నేనే. "ఇవాళ స్పెషల్ ఏంటండీ?" "అన్నం సార్." "రేపు?" "అన్నం సార్." "పోనీ నా పెళ్ళికి?" "అన్నమే సార్, కాకపోతే రెండు గిన్నెలు." వడ్రంగి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆఫీసులో టైపు చేసే మేడమ్ కిటికీలోంచి తల పెట్టి మరీ వినేది. సోఫాలు కుట్టే అక్క సూది పక్కన పెట్టి, "పాపం రా, నోరు లేని జీవం" అనేది. బాబాయ్ వినీ విననట్టు పొయ్యి దగ్గర నిలబడేవాడు.

నాటకంతో ఆపినా బాగుండేది. నేను గెలవాలనుకున్నాను. చెక్క మీద మొదటి పూత వేశాక అది ఆరడానికి నలభై నిమిషాలు పడుతుంది. పదకొండింటికి ఆ నలభై నిమిషాలూ నాకు పనుండదు. మేనేజర్‌ని షెడ్డు వెనక చెక్కముక్కల గుట్ట దగ్గరికి పిలిచి, మూల మీది హోటల్లో కొన్న లివర్ వేపుడు పెట్టాను. అది వాసన చూసి, తినమంటావా అన్నట్టు నా మొహంలోకి చూసింది. తినమన్నాను. రెండోరోజు చేప. మూడోరోజు మటన్ ముక్కలు. నాలుగో రోజుకి నాకంటే ముందే వచ్చి తోక ఊపుతూ నిలబడింది. ఇంక బాబాయ్ గిన్నె ముందు ఇది ఎప్పుడు మొహం తిప్పుతుందా, ఎప్పుడు అందరి ముందూ "చూశావా బాబాయ్" అంటానా అని ఎదురుచూశాను.

తొమ్మిదో రోజు తిప్పింది. గిన్నె వాసన చూసి, పక్కకి వెళ్ళి పడుకుంది.

"చూశావా బాబాయ్," అన్నాను. "రాజీనామా ఇచ్చేసింది."

నేననుకున్నంతగా ఎవరూ నవ్వలేదు. బాబాయ్ అసలు నా వైపే చూడలేదు. "వేడిగా ఉందా అమ్మా?" అని వేలు పెట్టి చూశాడు. గిన్నె లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ వండుకొచ్చాడు. అదీ తినలేదు. మర్నాడు నేల మీద చతికిలబడి ముద్దలు చేసి నోటికి అందించాడు. "ఒక్క ముద్ద. నా కోసం ఒక్కటి." ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. ఇంకొక్క రోజు ఆగుదాంలే అనుకున్నాను, ఆట రక్తి కట్టింది కదా అని.

ఆ మర్నాటి నుంచి వాంతులు, విరేచనాలు. నేను భయపడి పెట్టడం మానేశాను. మానేసి మూడు రోజులైనా వాంతులు ఆగలేదు. దాంతో నాకు నేనే ఒక ఓదార్పు కనిపెట్టుకున్నాను. నేను మానేశాక కూడా తగ్గలేదంటే ఇది నా వల్ల వచ్చింది కాదు, దీనికేదో వేరే జబ్బుంది. అలా అనుకున్న రోజు హాయిగా భోంచేశాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

నాలుగో రోజు సాయంత్రం వర్క్‌షాపు వ్యానులో దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బండి నేను నడిపాను. బాబాయ్ వెనక దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరు చిన్న వయసు ఆవిడ, కళ్ళజోడు. పొట్ట నొక్కి చూసింది, స్కానింగ్ తీసింది. తరవాత అడిగింది, "ఈ మధ్య తిండి ఏమైనా మార్చారా?"

"లేదు డాక్టర్ గారూ."

"బయటివాళ్ళెవరైనా ఏదైనా పెట్టారా?"

"ఇంకొకరి చేతిది ముట్టదండీ. నా చేతిదే తింటుంది."

"బాగా గుర్తు తెచ్చుకోండి. తిండి మారి ఉంటే ఇది మందులతో పోయేదే. మారలేదంటే మాత్రం పేగులో ఏదో ఉందనుకోవాలి. స్కానింగ్‌లో వాపు కనిపిస్తోంది. ఎల్లుండి పొద్దున కోసి చూడాలి. తొమ్మిదేళ్ళది కదా, ఇంత నీరసంగా ఉంది, మత్తులోంచి లేవకపోయినా లేవకపోవచ్చు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. దాస్తే దానికే నష్టం."

బాబాయ్ మొహం ఎర్రబడింది. "నేను దాస్తానా తల్లీ?" అని, నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు చెప్పు. రోజూ చూస్తున్నావుగా."

ఇంత చిన్న గది. బల్ల మీద మేనేజర్ నన్ను చూసి, పడుకునే తోక ఒకసారి కదిపింది.

"ఆయన అబద్ధం ఆడరు డాక్టర్ గారూ," అన్నాను.

నిజమే కదా. ఆయన ఆడలేదు. ఆ మాట నిజం కాబట్టే నాకు అంత సులువుగా వచ్చింది. నా జన్మలో నేనాడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఆ నిజం ఒక ఎత్తు.

మేనేజర్‌ని ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళాను. పనివాళ్ళు అప్పుడప్పుడే వస్తున్నారు. బాబాయ్ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికని పాత దుప్పటి మడత పెడుతున్నాడు.

"బాబాయ్, దానికి నేను పెట్టాను. లివరు, చేప, మటను. పది రోజులు పెట్టాను."

వడ్రంగి పక్కనుంచి అన్నాడు, "ఒరేయ్, పొద్దున్నే మొదలెట్టకు. ఆయన బాధలో ఉన్నాడు."

నాకు నిజం చెప్పే గొంతు లేదమ్మా. ఏం చెప్పినా ఎగతాళి లాగే వినిపిస్తుంది. మళ్ళీ చెప్పాను. బాబాయ్ దుప్పటి మడత పెడుతూనే, "వెళ్ళి పని చూసుకోరా" అన్నాడు. అప్పుడు ఏం చెయ్యాలో తోచక ఆయన ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాను. "నవ్వించడానికి కాదు బాబాయ్. రేపు దాన్ని కోసేస్తారు. నేనే పెట్టాను."

 వడ్రంగి చేతిలోని డబ్బా కింద పెట్టాడు.

"నేనూ పెట్టాను," అన్నాడు. "సాసేజీలు. జిగురు పెట్టి చెక్కలు బిగించాక పదింటికి అరగంట ఖాళీ కదా, అప్పుడు. మొన్న కూడా పెట్టాను, ఏమీ తినడం లేదని."

సోఫాలు కుట్టే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను నాలుగింటికి పాలల్లో రొట్టె. నిన్న కూడా." టైపు మేడమ్ అప్పుడే గేటులోకి వచ్చింది. సంగతి విని అక్కడే ఆగిపోయింది. ఆవిడది క్రీము బిస్కెట్లు, పన్నెండింటికి. ఒక్కొక్కరికీ ఒక్కో వేళ ఖాళీ, ఒకరిని ఒకరు చూసిన పాపాన పోలేదు.

"మీరెందుకు పెట్టారు?" అన్నాను.

"నువ్వు రోజూ పాపం మేనేజర్, పాపం మేనేజర్ అని ఆ నాటకం ఆడుతుంటే," అంది అక్క, "ఇంట్లో ముద్ద దిగేది కాదు."

అందరం వ్యానెక్కి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకుంది, బడిలో తప్పు చేసిన పిల్లల్లా వరసగా నిలబడ్డాం. రాయడం అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆపరేషను అక్కర్లేదు. ఒకరోజు కడుపుకి విశ్రాంతి, తరవాత మందులు, ఆయన వండే అన్నమే కొంచెం కొంచెంగా."

నా నోరు ఊరుకోదు కదా. "అంటే దానికి వెరైటీ అక్కర్లేదా డాక్టర్ గారూ? గిన్నె చూసి మొహం తిప్పింది కదా," అన్నాను.

"రోజుకి ఐదు భోజనాలు పెడితే మీరూ తిప్పుతారు. విసుగు కాదు, పొట్టలో చోటు లేదు. ఒంటికి పడేది, కావలసినవన్నీ ఉన్నది ఒకటుంటే చాలు. మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. ఇలా రోజుకొకటి కాదు."

బాబాయ్ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, "నిన్న మీకు తప్పు చెప్పానమ్మా, క్షమించు," అన్నాడు. చేసింది మేము, క్షమాపణ అడిగింది ఆయన. నేను బయటికి వెళ్ళి వ్యాను టైర్లు చూస్తున్నట్టు నిలబడ్డాను.

మేనేజర్ వారంలో కోలుకుంది. మళ్ళీ అదే అన్నం, అదే కోడిమాంసం, చివరి మెతుకు దాకా తిన్నది. మిగతావాళ్ళతో బాబాయ్ మామూలుగానే ఉన్నాడు కానీ నాతో పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు భోజనాల వేళ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నీ డబ్బాలో ఏముంది?"

"రొట్టె, రెండు గుడ్లు."

"నిన్న?"

"రొట్టె, గుడ్లు."

"మొన్న?"

నేను నమలడం ఆపేశాను.

"పెళ్ళై ఎన్నేళ్ళైందిరా నీకు?"

"పంతొమ్మిది."

"ఊఁ," అని లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి మీ అత్తని అడిగాను, ఇన్నేళ్ళూ ఒకటే ఎందుకు పెడుతున్నావని. ఆవిడ బట్టలు మడత పెడుతూ తల కూడా ఎత్తకుండా చెప్పింది. "వేరే ఏది కట్టినా మీకు సాయంత్రానికి కడుపు నొప్పి. అందుకే అదే కడుతున్నాను."

"మరి నాకు విసుగనిపించదా?"

"అనిపించకూడదనే సోమవారం సోమవారం డబ్బా రంగు మారుస్తాను. ఎర్రది కట్టినప్పుడల్లా మీరే వచ్చి చెబుతారుగా, ఇవాళేదో కొత్తగా చేశావు, చాలా బాగుందని."