చివరికి రావాల్సిన బాణీ

"మొదట్లో వచ్చిన బాణీనే చివర్లోనూ పెట్టావేంటి?" ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే అడిగాడు రాజ్‌కిరణ్.

కాత్యాయని చపాతీ కాలుస్తూ పొయ్యి దగ్గర్నుంచే చెప్పింది. "స్కాటిష్ డాన్సంటే అంతేనండీ. ఏ డాన్సుకైనా దాని సొంత బాణీ ఒకటుంటుంది. దాంతో మొదలెట్టి, మధ్యలో వేరేవి కలిపి, మళ్ళీ దానికే రావాలి. అది వినగానే పిల్లలకి ఆఖరి చుట్టు అని తెలుస్తుంది."

"ఊఁ," అన్నాడు. విన్నానని కాదు, చపాతీ మాడుతోందని.

వీళ్ళుండే గుజరాతీ ఊళ్ళో, పర్వత్ పాటియా పేటలోని ఓ స్కూల్లో ఆమె మ్యూజిక్ టీచరు. టెంపరరీ. వార్షికోత్సవంలో ఈ డాన్సు కుదిరితే పర్మనెంట్ చేస్తానంది ప్రిన్సిపల్. అందుకోసం ఆమె పడ్డ పాట్లు ఇంట్లో ఎవరి కళ్ళకి ఆనాయి గనక! ఆ బాణీల్ని గిన్నెలు తోముతూ వింది, బట్టలు ఆరేస్తూ వింది. పక్కపక్కన పెట్టే బాణీల నడక ఒకటే ఉండాలి, శ్రుతి మాత్రం మారాలి, అప్పుడే అలిసిన కాళ్ళకి హుషారొస్తుంది. పెళ్ళికి ముందు వయొలిన్ నేర్చిన చెవి ఇంకా చావలేదు మరి. వయొలిన్ మాత్రం మంచం కిందే. "ఇంట్లో ఆ ఏడుపేంటమ్మా!" అన్నారు అత్తగారు లలితమ్మ, కాపురానికొచ్చిన కొత్తలో. రాజ్‌కిరణ్ నవ్వాడు. పెట్టె మూతపడింది.

లాప్‌టాప్ అతనిది. బాణీలన్నీ వరసగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిందీ అతనే.

స్టేజీ మీద రెండు వరసల పిల్లలు ఎదురెదురుగా చక్కగా ఆడారు. చివర్లో సొంత బాణీ మళ్ళీ రావాల్సిన చోట పాట ఠక్కున ఆగిపోయింది. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ముందున్న పిల్ల హిమశ్రీ, తెర పక్కనున్న టీచరు వంక చూసింది. ఆ బాణీ కాత్యాయనికి కంఠతా వచ్చు. తెర పక్కనుంచి గొంతెత్తి పాడొచ్చు. నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ తగ్గించీ తగ్గించీ అణిగిపోయిన గొంతు, పెగల్లేదు. హాల్లో ఎవరో నవ్వారు. హిమశ్రీ ఏడ్చేసింది.

"రెండోసారి వచ్చినదాన్ని కత్తిరించేశా. సాయం చేద్దామనే," అన్నాడతను ఇంటికొచ్చాక.

"చెప్పాను కదండీ!"

"ఎప్పుడు చెప్పావు?"

నిజంగానే గుర్తులేదు మహానుభావుడికి. కాత్యాయనికి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపల్ ఫోను. "కాత్యాయనీబెన్, గల్తీ ఎవరిది? ట్రస్టీలు అడుగుతున్నారు."

కంప్యూటర్ తప్పని చెప్పమని సైగ చేశాడు రాజ్‌కిరణ్, టీ తాగుతూ. కూరలో ఉప్పెక్కువైనా, అతనికి రైలు తప్పినా ఇన్నాళ్ళూ తప్పు తనమీదే వేసుకుంది కాత్యాయని.

"మా ఆయన కత్తిరించారు మేడమ్," అంది.

"అయ్యో! కానీ ట్రస్టీలు అప్పుడే వేరే టీచర్ని మాట్లాడేసుకున్నారు, బెన్."

"పరువు తీశావు, ఉద్యోగమూ పోయింది. తృప్తేనా?" అన్నాడు రాజ్‌కిరణ్.

ఆమె మంచం కింద నుంచి పెట్టె లాగింది. ఓ తీగ తెగిపోయి ఉంది. మిగిలినవి బిగించి, నిన్న మోగని ఆ బాణీ అందుకుంది. కీచుగా, తడబడుతూ వచ్చింది.

"మళ్ళీ మొదలైందా ఆ ఏడుపు?" లోపల్నుంచి లలితమ్మ.

"మళ్ళీ మొదలైంది అత్తయ్యా," అంది కాత్యాయని, కమాను ఆపకుండా.