కస్టమరు టోపీ

రొట్టెముక్క మీద నారింజ జాము రాస్తూ గ్లెనిస్ పెదవులు కదుపుతోంది. మారే వడ్డీ, మారని వడ్డీ, గడువుకు ముందే తీర్చేస్తే పడే రుసుము. కత్తి ఆగిందంటే ఏదో మరిచిపోయిందన్నమాట. ఇవాళ మధ్యాహ్నం లీడ్స్‌లో పరీక్ష. ఇంటి అప్పుల సలహాదారు కావాలంటే గట్టెక్కాల్సిన ఆఖరి పేపరు. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే బ్యాంకు కీత్లీ బ్రాంచిలో ఇక ఆమెకు చోటు లేదు.

పెళ్లికి ముందు నుంచీ ఆ బ్రాంచి కౌంటరులోనే కూర్చుంది. గాజుపలక వెనక పొట్టి మనిషి, వంగిన భుజాలు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఊళ్లో సగంమందికి మొహం తెలుసు, పేరు తెలియదు. ఇప్పుడు కౌంటర్లు ఎత్తేస్తున్నారు. సలహా ఇచ్చేవాళ్లే ఉంటారని మేనేజరు మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే ఆమెకు భయం వేసింది. ఊపిరితిత్తులు పాడై మొగుడు క్లిఫ్ బస్సు నడపడం మానేసినప్పటినుంచీ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

బల్లకు అవతల క్లిఫ్ పాత డ్రైవరు టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ముక్కులో సన్నటి గొట్టాలు, కాళ్ల దగ్గర గుర్రుమంటూ ఆక్సిజన్ యంత్రం. ఎంత చదివినా బుర్రకెక్కడం లేదని ఆమె ఏడ్చిన రోజున అతను కనిపెట్టిన ఆట ఇది. టోపీ పెడితే కస్టమరు, తీస్తే మొగుడు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. నాకో ఇల్లు కావాలి. మా అత్తగారు నడిచి రాలేనంత దూరంలో."

"మా అమ్మ పోయి ఇన్నేళ్లయినా వదలవా నువ్వు?"

"మేడమ్, కస్టమరుతో సొంత గొడవలు మాట్లాడకూడదు."

నవ్వు ఆపుకుని ఆమె వరసగా అడిగింది. ఉద్యోగం, జీతం, పాత అప్పులు, పిల్లలు. మాంసం కొట్టు పెట్టుకున్న కోపిష్టిలా అతను జవాబులు చెప్పాడు. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు టోపీ అంచు పట్టుకుని, తగ్గేదాకా బల్లకేసి చూశాడు. ఆమె పుస్తకం మూసేసింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. రైలుకి టైమైంది."

"ఒకటి వదిలేశావు. రోజూ అదే వదిలేస్తున్నావు."

ఆమెకు తెలుసు. అప్పుకోసం వచ్చిన ప్రతివాళ్లనీ అడిగి తీరాలి: మీరు పోతే ఈ అప్పు ఎవరు తీరుస్తారు, మీవాళ్లు ఎలా బతుకుతారు? రెండుసార్లూ ఆమె దెబ్బతిన్నది అక్కడే. కొత్త ఇంటి మీద ఆశతో వచ్చినవాళ్ల ముందు చావు మాట ఎలా ఎత్తడం? పక్కింట్లో మనిషి పోయినా వాన సంగతి మాట్లాడి, టీ తాగి లేచొచ్చే జనం ఆ ఊరివాళ్లు. పరీక్షలో కంప్యూటరు తెర మీద సరైన జవాబు కళ్లముందే ఉన్నా ఆమె వేలు పక్కదాని మీదికి పోయేది. మర్యాద ఒక్కటే కాదు కారణం. ఆ టోపీ కింద మొహాన్ని చూస్తూ ఆ మాట అనడం ఆమెవల్ల కాలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం.

"వచ్చాక అడుగుతాలే."

"సరే. కస్టమరు ఇక్కడే కూర్చుంటాడు. టోపీ కూడా తియ్యడు. వెళ్లు పిల్లా, కంప్యూటరు కరవదు."

పరీక్ష గది వాకిట్లో ఒక అమ్మాయి ఆమె జేబులు తిరగేయించింది, చొక్కా చేతులు మడిపించింది, కళ్లద్దాలు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. చేతిరుమాలు కూడా బయటే పెట్టించింది. ఏమీ దొంగిలించకపోయినా గ్లెనిస్ దొంగలా నిలబడింది. పేపరు సగం దాటాక ఆ ప్రశ్న రానే వచ్చింది. ఇద్దరు పిల్లలు, ఉబ్బసం మొగుడు, కొత్త ఇల్లు. సలహాదారు ముందుగా ఏం చెయ్యాలి? భయం తగ్గుతుందేమోనని కాసేపు చూసింది. తగ్గలేదు. ఆ భయంతోనే సరైనదాన్ని నొక్కింది.

చివర్లో ఫలితం తెర మీదే వచ్చింది. ప్యాసైంది. బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆ గొట్టాలతో లేచి ఫోను దాకా రావడం అతనికి పెద్ద పని అని సర్దిచెప్పుకుంది. స్టేషన్లో అతనికిష్టమైన కస్టర్డ్ టార్టు మిఠాయిలు కొంది. రైల్లో మళ్లీ చేసింది, మళ్లీ మోగి ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి, పెదవులు కదుపుతూ ఆ ప్రశ్ననే చెప్పుకుంటూ కూర్చుంది.

తలుపు తీయగానే యంత్రం గుర్రుమనడం వినిపించింది. హమ్మయ్య అనుకుంది. ధైర్యం చల్లారకముందే, కోటైనా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"సార్, ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. మీకేదైనా అయితే మీ ఆవిడ ఎలా బతుకుతుంది?"

క్లిఫ్ తల కాస్త పక్కకు వాల్చి కూర్చుని ఉన్నాడు. పొద్దుట పోసిన టీ అలాగే ఉంది. ఆమె ఇంకొంచెం గట్టిగా అడిగింది. తర్వాత వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చల్లదనం తెలిశాక కూడా వదల్లేదు. ఎప్పటికో వంగి యంత్రం ఆపింది.

అతన్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు టోపీ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. వాళ్లు వెళ్లిపోయాక గ్లెనిస్ వచ్చి తన కుర్చీలో తను కూర్చుంది. అవతల, కస్టమరు వైపు, టోపీ ఆమెకేసే తిరిగి ఉంది.